పెట్టెలో ఎరువు: ఒక పరిశీలన

విశాఖ రేవుకు పోయే రహదారిమీద లారీలు మోసుకొనిపోయే పొడవాటి ఉక్కుపెట్టెలను చదువరులు చూచే ఉంటారు. వీటిని కంటైనర్లు అంటారు. 1956 ఏప్రిల్‌లో మాల్కం మెక్లీన్ అనే అమెరికా లారీ వ్యాపారి ఇటువంటి 58 పెట్టెలను ఓడమీద న్యూఆర్క్ నుంచి హూస్టన్‌కు పంపించాడు. ఆనాటినుంచి ప్రపంచ వర్తకపు రూపమే మారిపోయినది. ఓడపని తీరిన పెట్టెలు ఇప్పుడు టీకొట్లుగా, కార్యాలయాలుగా మారుతున్నాయి. ఇటీవల వాటిలో ఎరువు తయారుచేసే ప్రయోగశాలలను అమర్చుతున్నారు. గాలి, నీరు, ఎండ ఉంటే చాలునట. పెట్టె ఊరిలో దిగిన మరునాటినుంచి ఎరువు అక్కడే పుట్టునట. ఈ మాటలో నిజమెంతో, మోజెంతో లెక్కవేసి చూడవలసి ఉన్నది.

మూలసూత్రంలో దోషమేమీ లేదు. నత్రజనిని ఉదజనితో కలిపి అమ్మోనియా చేసే పద్ధతిని హేబర్ కనిపెట్టగా, బాష్ దానిని కర్మాగారపు స్థాయికి తెచ్చాడు. 1913లో జర్మనీలోని ఓపౌలో మొదటి కర్మాగారం పనిచేయసాగినది. దానికి 400 నుంచి 500 డిగ్రీల వేడి, వాతావరణపు ఒత్తిడికి నూటయాభై రెట్లకు పైబడిన ఒత్తిడి, ఇనుప ఉత్ప్రేరకము కావాలి. నేటి పెద్ద కర్మాగారాలు ఉదజనిని ఎక్కువగా సహజవాయువునుంచి తీస్తున్నాయి; అందులో బొగ్గుపులుసు వాయువు విడుదల అవుతుంది. పెట్టెలో మాత్రం విద్యుత్తుతో నీటిని విడగొట్టి ఉదజనిని తీస్తారు. మంచిదే. కాని ఆ విద్యుత్తు ఎంత?

ఒక టన్ను అమ్మోనియాలో 176 కిలోల ఉదజని ఉంటుంది. ఒక కిలో ఉదజనికి నేటి యంత్రాలు 50 యూనిట్లకు పైగా విద్యుత్తు తింటాయి. గాలినుంచి నత్రజనిని వేరుచేయుటకు, వాయువులను అదుముటకు అయ్యేది కూడా కలిపితే టన్నుకు సుమారు పదివేల యూనిట్లు. అంటే కిలోకు పది. నలభై అడుగుల పెట్టె కప్పు వైశాల్యము 30 చదరపు మీటర్లకు మించదు. దాని నిండా సౌరఫలకాలు పరచినా ఆరు కిలోవాట్లు. మన ఎండలో రోజుకు 25 యూనిట్లు అనుకొందాము. వచ్చేది రెండున్నర కిలోల అమ్మోనియా. అందులో నత్రజని రెండు కిలోలు. సంవత్సరమంతా ఒక్కరోజు కూడా ఆగకుండా నడిచినా 750 కిలోలు. పంటకు ఎకరాకు 48 కిలోల చొప్పున వేస్తే, పదిహేను ఎకరాల వరికి ఒక్క పంటకు సరిపోతుంది.

ఇదే నత్రజని యూరియా రూపంలో కావాలంటే 45 కిలోల బస్తాలు 36 చాలు. బస్తా 266 రూపాయల చొప్పున రైతుకు అయ్యేది పదివేల లోపు. అది ప్రభుత్వము భరించే రాయితీ పోగా మిగిలిన ధర అనీ, అసలు వెల అనేక రెట్లు ఉంటుందనీ ఒప్పుకొంటాను. అయినా కప్పుమీద ఏడాదికి పుట్టే తొమ్మిదివేల యూనిట్లకు యూనిట్ ఐదు రూపాయలే కట్టినా 45 వేలు! ఆ రైతు ఆ విద్యుత్తుతో మోటారు నడుపుకొనడా?

ఇక్కడే ఈ ప్రచారంలోని అసలు లోపము కనిపిస్తుంది. చిత్రాలలో పెట్టెను చూపుతారు. దాని వెనుక ఉండవలసిన పొలమంత సౌరఫలకాలను చూపరు. కెన్యాలో నైవాషా ప్రాంతపు ఒక తోటలో ఇటువంటి కంటైనర్ యంత్రమే రోజుకు టన్ను అమ్మోనియా లక్ష్యంగా వెలసినది. టన్నుకు పదివేల యూనిట్లు అన్నాము గనుక, దాని వెనుక రెండు మెగావాట్ల సౌరక్షేత్రము ఉండితీరవలెను. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయం వారు మోరిస్ అనే ఊరిలో 2013నుంచి పవనశక్తితో అమ్మోనియా చేసి చూచారు. అక్కడ కూడా అసలు యంత్రము ఆకాశమంత ఎత్తున తిరిగే గాలిమరయే.

మరొక చిక్కు. మోరిస్ చుట్టుప్రక్కల రైతులు అమ్మోనియాను తొట్టెలో పోసి ట్రాక్టరుతో నేరుగా నేలలోనికి ఎక్కిస్తారు. మన రైతు చల్లేది యూరియా గుళికలు. యూరియా కావాలంటే టన్నుకు ముప్పాతిక టన్ను దాకా బొగ్గుపులుసు వాయువు కావాలి. గాలి, నీరు, ఎండ అన్న జాబితాలో అది లేదు. గాలిలో అది పదివేల పాళ్ళకు నాలుగు పాళ్ళే. రామగుండం వంటి కర్మాగారానికి అది సహజవాయువునుంచే దొరుకుతుంది.

అయితే కెన్యా సంగతి వేరు అని చెప్పక తప్పదు. ఎరువు ఓడలో వచ్చి, రేవునుంచి వందలమైళ్ళు లారీలో పోయే దేశాలలో దారిఖర్చే ధరను ఎక్కిస్తుంది. 2022లో యుద్ధంవల్ల ఎరువుల ధరలు మండిపోయినప్పుడు ముందు నలిగినవి అటువంటి దేశాలే. అక్కడ ఖరీదైన ఎరువయినా సమయానికి చేతికి దొరకడమే గొప్ప. 2021లో శ్రీలంక రసాయనపు ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా ఆపి, కొద్ది నెలలకే వెనుకకు తగ్గవలసి వచ్చినది. ఎరువు దొరకకపోతే ఏమవుతుందో దానివల్ల తెలిసినది.

పెట్టె లోపలి వెడల్పు 2.35 మీటర్లు. రెండువైపులా ముప్పాతిక మీటరు బల్లలు వేస్తే నడుమ ఒక మనిషి నడిచే సందు మిగులుతుంది. తలుపు ఒక్క చివరనే. ఎండలో ఉక్కు కాలిపోతుంది. అటువంటి గదిలో మండే ఉదజని, ఊపిరాడనీయని అమ్మోనియా! గాలిమార్గాలు, వాయువును పసిగట్టే పరికరాలు, రెండవ తలుపు లేని పెట్టెను ఊరిమధ్య దింపనీయరాదు. కిటికీకోసం గోడను ఎడాపెడా కోస్తే పెట్టె బలము తగ్గుతుందని కూడా గుర్తుంచుకోవాలి.

కర్మాగారముగా కాక, పేరుకు తగినట్లు ప్రయోగశాలగా చూచినప్పుడు పెట్టె విలువ పెరుగుతుంది. సాయంత్రం ఎండ తగ్గితే యంత్రము ఎలా తట్టుకొనును, తక్కువ ఒత్తిడిలో పని జరుగునా అన్న ప్రశ్నలకు జవాబు పొలంలోనే దొరకాలి. మిన్నెసోటా వారు అమ్మోనియాను మెగ్నీషియం క్లోరైడు వంటి లవణాలలో పీల్చించి ఒత్తిడి తగ్గించే మార్గము వెదకుతున్నది ఇందుకే.

నన్నడిగితే పెట్టెలో ముందుగా పెట్టవలసినది వేరొకటి. ఒక మనిషి మూత్రంలో ఏడాదికి సుమారు నాలుగు కిలోల నత్రజని పోతుంది. పైన చెప్పిన 750 కిలోలు 190 మంది మూత్రంలోనే ఉన్నది, అనగా ఒక చిన్న వసతిగృహము. ఆ నత్రజనిని గాలినుంచి లాగనక్కరలేదు. అది అప్పటికే పట్టుబడి ఉన్నది. స్విట్జర్లండులోని ఎయావాగ్ సంస్థవారు సూక్ష్మజీవులతో దానిని వాసన లేకుండా నిలకడపరచి, బొగ్గుతో మందుల అవశేషాలను తొలగించి, నీరు ఆవిరిచేసి ఆరిన్ అనే ద్రవపు ఎరువు చేశారు. 2018లో అక్కడ అన్ని పంటలకూ దానికి అనుమతి వచ్చినది. దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో కూడా దీనిని పరీక్షించారు. నీటిని ఆవిరి చేయడానికి విద్యుత్తు బాగానే ఖర్చవుతుంది, నిజమే. మూత్రాన్ని వేరుగా పట్టే మరుగుదొడ్లు కట్టించాలి, ఆ పనికి మనుషులను ఒప్పించాలి. పెట్టె కొన్నంత సులభము కాదది.