రాయి పుట్టని సీమకు రంగుల దండం

పలుగు వేసి తవ్వినా, బోరు దింపినా నీలో రాయి తగలదు. పైన నల్లమట్టి, దాని కింద ఇసుక, ఇసుక కింద నీళ్లు. త్ర్యంబకం కొండల్లో పుట్టిన గోదావరి దక్కను అంతా అరగదీసి, మోసుకొచ్చి, సముద్రం ముంగిట దించిన ఒండ్రే నీ ఒళ్లంతా, కోనసీమా! అటు గౌతమి, ఇటు వశిష్ఠ, నడుమ వైనతేయ. ఈ పాయల మధ్య పేరుకున్న మెత్తటి నేల మీద గుడి రాయైనా, లాకు రాయైనా, మైలురాయైనా ఎక్కడి నుంచో వచ్చిందే. రోడ్లు లేని కాలంలో అది రావాలంటే పడవ తప్ప వేరే దిక్కు లేదు. అందుకే బోర్డు ఒళ్లో పెట్టుకుని నీ కట్టడాలకు ఎదురుగా కూర్చుంటే, పెన్సిలు కాగితాన్ని తాకకముందే నాలో ఒక ప్రశ్న లేస్తుంది. తల్లీ, దీన్ని ఇక్కడిదాకా మోసిందెవరు?

గదిలో కూర్చుని ఫొటో చూసి గీస్తే ఆ ప్రశ్న రాదు. ఎండలో, గట్టు మీద, చీమలు కుడుతుంటే, వెనక నలుగురు నిలబడి చూస్తుంటే వస్తుంది. పొద్దు వాలేకొద్దీ గోడ మీద నీడ జరుగుతుంది. ఉదయం కనబడని అతుకు మధ్యాహ్నం కనిపిస్తుంది, పాత సున్నం కింద నుంచి ఇంకో సున్నం తొంగి చూస్తుంది. చేత్తో గీసేవాడి కంటికి ప్రతి రాయి అంచూ విడిగా తెలియాలి. ఒక్కో అంచూ పట్టుకుని పోతుంటే ఊరి కథలోకి దారి దొరుకుతుంది.

మరి నీ పచ్చదనం! ట్యూబులో దొరికే పచ్చరంగు నీ ముందు ఓడిపోతుంది. ఆకుమడి పచ్చలో సగం పసుపే. అరటాకు మీదుగా ఎండ పడితే ఒక పచ్చ, ఆకు వెనక నుంచి ఎండ వస్తే ఇంకో పచ్చ. కొబ్బరి మట్ట పైభాగం ఆకాశాన్ని అద్దుకుని దాదాపు తెల్లనీలంగా మెరుస్తుంది, కింది ఈనెల దగ్గర బంగారపు పసుపు. పసుపులో నీలం ఎంత, నీలంలో ఎరుపు చుక్క ఎంత అని కలుపుతూ పోతే తోట అంతా ఒక సంగీత పాఠమవుతుంది. పైగా నీ గాలిలో తేమ ఎక్కువ. వేసిన వాష్ ఓ పట్టాన ఆరదు. తొందరపడి రెండో రంగు వేస్తే మొదటిది చెదిరిపోతుంది. నువ్వు ఆగమన్నంతసేపు ఆగాల్సిందే. ఆ ఆగడంలోనే సగం చూపు అలవడుతుంది.

శ్రావణంలో ఎర్రనీరు దిగిన రోజున గ్లాసుడు గోదావరి ముంచుకుని అందులోనే కుంచె కడిగాను. మంచి రంగుకు మంచినీళ్లు కావాలని నేర్పిన గురువులు ఒప్పుకోరేమో గానీ, ఆ నీళ్లతో వేసిన వాష్ ఆరాక కాగితం గరుకుల్లో సన్నటి ఒండ్రు నిలిచిపోయింది. వేలితో తడిమితే పిండి రాలినట్టు తగులుతుంది. ఎండకు వంచి చూస్తే అందులో అభ్రకం రేణువు మెరుస్తుంది. ఏ అడవిలో ఏ కొండ అరిగి రాలిన పొడో అది! నిన్ను తయారుచేసిన పదార్థంతోనే నీ బొమ్మ తయారవడం చూసి నాకు ఒళ్లు పులకరించింది.

ఈ గోదావరిని ఆరుబయట కూర్చుని చూడడం మనకు అలవాటు చేసిన వాళ్లను తలచుకోకుండా ముందుకు పోలేను. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే తాను చిత్రకారుడు, తన పిల్లల్లో చిత్రకారులను గుర్తుపట్టినవాడు. అడివి బాపిరాజు ఆయన శిష్యుడే. 1897లో పుట్టిన దామెర్ల రామారావును బొంబాయి జె.జె. స్కూలు దారి పట్టించిందీ ఆయనే. రామారావు ఊళ్లు తిరిగి, నది చూసి, మన మనుషుల ఒంటిరంగును మన వెలుతురులో పట్టుకున్నాడు. 1925లో మశూచి ఆయన్ని ఎత్తుకుపోయేనాటికి ఇరవై ఎనిమిదో ఏడు కూడా నిండలేదు. రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న చిత్రశాలలో ఆ బొమ్మల ముందు నిలబడితే, ఇంకో ముప్పై ఏళ్లు బతికి పడవెక్కి కిందికి, నీ లంకల్లోకి వచ్చి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది. ఆయన గీయకుండా మిగిలిపోయిన పాయలివి.

ఆ పాయల్లో నాకు ఎప్పటికీ తనివి తీరనిది గన్నవరం దగ్గరి వైనతేయ. అక్కడ ఒక నది మీద ఇంకో నీటిదారి నడుస్తుంది! ధవళేశ్వరం కొండ రాయి తీసి ఆర్థర్ కాటన్ ఆనకట్ట కట్టించాడు. 1847లో మొదలైన ఆ పని 1852కు పూర్తయింది. కాలువలు పారాయి, గట్ల వెంట నీళ్లు దిగువకు వచ్చాయి. కానీ రాజోలు వైపు, నగరం లంకకు నీళ్లు పోవాలంటే మధ్యలో వైనతేయ అడ్డం. నదిని దాటించడానికి కాలువకే వంతెన కట్టారు. కాటన్ దగ్గర పనిచేసిన హెయిగ్ అనే యువ ఇంజినీరు ఆ పని నడిపించాడు. నలభై అడుగుల వెడల్పున ఒక్కో కమాను, అలాంటివి 49. పైన కాలువలో పడవ, కింద ఏట్లో పడవ. ఒకదాని నీడ ఒకదాని మీద పడుతూ రెండూ అడ్డంగా దాటుకుపోయిన రోజులున్నాయి. లోకంలో ఎన్నో వంతెనలు మనుషుల్ని దాటిస్తాయి. ఇది పంటను దాటించింది.

కింద ఇసుకలో కూర్చుని ఈ కమానులు గీయడం ఒక వ్రతం. మొదటి అయిదారు పెద్దగా, నిండుగా వస్తాయి. తర్వాత ఒక్కోటీ కుంచించుకుపోతూ, అవతలి గట్టు దగ్గరికి చేరేసరికి కలం గాటంత అవుతాయి. ఎన్ని వేశానో లెక్క తప్పుతుంది. మేకలు తోలుకుంటూ వచ్చిన ఒక పెద్దాయన చాలాసేపు నిలబడి చూసి, ‘ఆయ్, ఖానాలన్నీ ఎయ్యండి బాబూ! ఒక్కటొదిలేసినా నీళ్లాగిపోతాయండి’ అన్నాడు. బొమ్మలోంచి కూడా తన చేలకు నీళ్లు పారుతున్నాయని నమ్మిన మనిషి! అంతకు మించిన కళావిమర్శ నేను ఏ పత్రికలోనూ చదవలేదు. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టి వేశాను.

పాతదాని పక్కనే 2000లో వచ్చిన కొత్త అక్విడక్టుకు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. లంకల గన్నవరంలో కాపురం ఉండి, వరదల్లో చిక్కిన బాటసారికి అర్ధరాత్రయినా పొయ్యి రాజేసి వండిపెట్టిన తల్లి ఆమె. 1841లో పుట్టి 1909లో వెళ్లిపోయింది. ఇంగ్లండు రాజు పట్టాభిషేకానికి ఆమె ఫొటో తెప్పించుకున్నాడని ఇప్పటికీ ఇంటింటా చెప్పుకుంటారు. దొరలూ దొరతనమూ పోయాయి. నీళ్లను చేలకు చేర్చే కట్టడానికి ఆకలి తీర్చిన ఆడమనిషి పేరు నిలిచింది. ఇంత తగిన నామకరణం నేను ఇంకెక్కడా చూడలేదు.

ర్యాలి గుడి దగ్గర ఆరుబయట చిత్రకారుడికి దక్కేది గోపురమూ, చెట్టూ, వీధీ. అసలు అద్భుతం లోపల ఉంది. ఒకే శిల, ముందు కేశవుడు, వెనక జగన్మోహిని, వెనకవైపు జడ అల్లిక దాకా చెక్కేశారు. కాగితానికి ఒకటే ముఖం, కనుక ఆ శిల్పికి దండం పెట్టి బయటికి వచ్చేయాలి. కొత్తపేట పక్కన పలివెలలో శివుడికి కొప్పు ఉంది. పూలదండలో వెంట్రుక కనబడి రాజు కోపిస్తే, పూజారి ప్రాణం కాపాడటానికి లింగమే జుట్టు పెంచుకుందట. రాతిని కూడా ఇంత మెత్తన చేసుకున్నావు నువ్వు.

బెండమూర్లంకలో గీయడానికి ఏమీ మిగల్లేదు. అయినా వెళ్లాలి. ఇంగ్లీషు కంపెనీ అక్కడ సరుకుల కోఠీ పెట్టుకుంటే 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ దాన్ని పట్టుకున్నాడు. ఆ ఓడలూ, ఆ మూటలూ, ఆ జెండాలూ ఏవీ లేవు. సరుగుడు తోటలూ, రొయ్యల చెరువులూ, ఉప్పుగాలీ ఉన్నాయి. అయితే ఆ ఊరి సొమ్ము ఒకచోట రాయిగా మారి నిలిచే ఉంది. దాన్ని చూడాలంటే అంతర్వేది పోవాలి. బెండమూర్లంకకు చెందిన కొపనాతి కృష్ణమ్మ, సముద్రాన్ని నమ్ముకుని బతికిన అగ్నికులక్షత్రియుల బిడ్డ, ఇప్పుడున్న నరసింహస్వామి గుడి కట్టించాడు. 1823లో అది పూర్తయింది, అంటే ఆనకట్టకు దాదాపు మూడు దశాబ్దాల ముందు. దొరల ఇంజినీర్లు రాకముందే నీ నీటిమనుషులు ఇసుక మీద గోపురం నిలబెట్టారు!

ఆ గోపురానికి ఎదురుగా కూర్చుంటే వెలుగు రెండు వైపుల నుంచి వస్తుంది. ఒకటి ఆకాశం నుంచి, ఒకటి వశిష్ఠ మీద నుంచి. నీడలో ఉన్న గోడ కూడా చీకటిగా ఉండదు, నీటి మెరుపు దాని మీద ఆడుతూనే ఉంటుంది. నీడకు నలుపు కలిపితే అది ఇంకే ఊరి గుడో అయిపోతుంది. పలుచటి ఊదా, దానిలో కాస్త వెచ్చదనం కావాలి. సఖినేటిపల్లి రేవులో పంటు జనాన్ని దించి మళ్లీ నరసాపురం వైపు తిరుగుతుంది. అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర ఏటినీరూ సముద్రపు నీరూ కలిసే చోట రెండు రంగులూ కొంతదూరం ఒకదాన్నొకటి ముట్టుకోకుండా సాగుతాయి. 2020 సెప్టెంబరులో ఇక్కడి టేకు రథం షెడ్డులోనే కాలిపోయినప్పుడు ఈ సీమ అంతా ఇంట్లో మనిషి పోయినట్టు ఏడ్చింది. మరుసటి మాఘమాసానికల్లా కొత్త రథం సిద్ధమైంది. భీష్మ ఏకాదశినాడు దాని తాడు పట్టిన చేతుల్లో పాత రథాన్ని లాగిన చేతులూ ఉన్నాయి.

అలా కూలినదాన్ని లేపుకోవడం నీకు కొత్త కాదు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను నీ కొబ్బరిచెట్లను లక్షల్లో పడగొట్టింది. ఇవాళ నేను గీసే తోటల్లో ఒకే ఎత్తున, ఒకే ఈడున నిలబడ్డ వరసలు కనిపిస్తే, అవి ఆ తర్వాత నాటిన మొక్కలని పెద్దలు చూపిస్తారు. వాటి మధ్య అక్కడక్కడ వంగి, మళ్లీ నిక్కిన ఒక పొడుగాటి పాత చెట్టు. ఆ వంపును గీసేటప్పుడు నా మణికట్టు దానంతటదే మెల్లబడుతుంది.

ఇన్ని తెచ్చిపెట్టిన రాళ్లు గీశాక, నీ సొంత కట్టడం ఏదని అడిగితే కనుమ రోజు జగ్గన్నతోటకు రమ్మంటావు. అక్కడ గుడి లేదు, కొబ్బరితోట మాత్రమే ఉంది. మొసలపల్లి, వ్యాఘ్రేశ్వరం, ఇరుసుమండ, వక్కలంక, నేదునూరు, ముక్కామల, పాలగుమ్మి... మొత్తం పదకొండు ఊళ్ల రుద్రులు ప్రభలెక్కి అక్కడ కలుసుకుంటారు. వెదురు, కొత్తబట్టలు, పూలదండలు, గంటలు. ఒక్క రాయి కూడా లేని గోపురాలు! ఏటేటా కట్టి, ఏటేటా విప్పి, మళ్లీ కట్టే గోపురాలు. అవి పుంతల్లో పట్టవు, చేల మీదుగానే నడుస్తాయి. పైరు తొక్కుడు పడినందుకు రైతు పొంగిపోతాడు, స్వామి నా మడిలో అడుగుపెట్టాడని.

వీటిని కూర్చుని గీయడం కుదరదు. బోర్డు చంకలో ఇరికించుకుని, ఒక చేత్తో రంగుపెట్టె, ఒక చేత్తో కుంచె, గట్టు మీద పరుగెత్తాలి. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక ఏటి ఒడ్డుకు వచ్చేసరికి అటూ ఇటూ జనం అరుపులతో గట్లు అదిరిపోతాయి. కుర్రాళ్లు ప్రభను భుజాల మీద మోస్తూ నీళ్లలోకి దిగుతారు. నడుము లోతు, రొమ్ము లోతు. ప్రభ ఒక పక్కకు ఒరుగుతుంది, జనం ఊపిరి బిగబడతారు, తాళ్లు పట్టినవాళ్లు వెనక్కి లాగుతారు, అది మళ్లీ నిటారుగా లేస్తుంది. ‘శరభా! అశ్శరభా!’ ఎరుపు, పసుపు, పచ్చ, అన్నీ తడికాగితం మీద ఒకదానిలోకి ఒకటి పారిపోతున్నాయి. నీళ్లు చిమ్మి బోర్డు మీద పడ్డాయి. తుడవలేదు. ముందు ప్రభ గట్టెక్కింది, రెండోది నీళ్లలోకి దిగుతోంది, నేను ఇంకో కాగితం తీశాను.