పరిసరాలు – మనస్సు: ‘అసమర్థుని జీవయాత్ర’ పరిశీలన

తెనాలితో అనుబంధమున్న త్రిపురనేని గోపీచంద్ (1910–1962) నవల ‘అసమర్థుని జీవయాత్ర’ 1940లలో వెలువడింది. దీన్ని తెలుగులో తొలి మనోవైజ్ఞానిక నవలగా విమర్శకులు పేర్కొంటారు. కథానాయకుడు సీతారామారావు వంశప్రతిష్ఠ కోసం ఆస్తి పోగొట్టుకుంటాడు. చివరకు తనను తానే నాశనం చేసుకుంటాడు.

శీర్షిక చూసి తప్పంతా అతనిదేనని తేల్చకండి. ‘అసమర్థుడు’ అన్నది రోగనిర్ధారణ కాదు, లోకం వేసే ముద్ర. ఉన్నప్పుడు పొగిడిన ఊరు లేనప్పుడు నవ్వుతుందన్న భయం మనిషిని ఒంటరిని చేస్తుంది. ఆత్మహత్యకూ సామాజిక బంధాల సడలింపుకూ గల సంబంధాన్ని ఎమిల్ డర్క్‌హైమ్ 1897లోనే వివరించాడు.

అయితే నవలకు ఒక పరిమితి ఉంది. చుట్టూ ఉన్నవారు మనకు ఎక్కువగా సీతారామారావు మనసులోంచే కనిపిస్తారు. వారు నిజంగా దూరమయ్యారా? దూరమయ్యారని అతడు అనుకున్నాడా? పరిసరాలపై జరిగే అధ్యయనాలకూ ఈ ప్రశ్న వర్తిస్తుంది. కుంగిపోయిన మనిషికి తన వీధి మరింత చెడ్డదిగా తోచవచ్చు. అప్పులు, మద్యం, అనారోగ్యం కూడా తోడవుతాయి. కాబట్టి సంబంధం కనిపించినంత మాత్రాన అదే కారణమని చెప్పలేం.

మీరు తెనాలి, బాపట్ల, రేపల్లెలలో ఎక్కడున్నా మీ వీధిని గమనించండి. సాయంత్రం నలుగురూ కూర్చునే చోటుందా? నాలుగు రోజులు కనబడని మనిషి తలుపు తట్టేవారున్నారా? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆత్మహత్యకు యత్నించినవారిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగానే చూడమంటుంది. మీకో, మీవారికో అటువంటి ఆలోచన వస్తే టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి.