తట్టితే మోగే రోమ్

రోమ్‌లో మెట్రో ‘ఎ’ లైను ఎక్కి ఊరి ఆగ్నేయ దిక్కుకు వెళ్తే చినెచిత్తా అనే స్టేషన్ వస్తుంది. మెట్లెక్కి పైకొస్తే ఎదురుగా స్టూడియో గేటు. 1937లో ముస్సోలినీ ప్రారంభించిన ఈ స్టూడియోలో ఇవాళ్టికీ షూటింగులు జరుగుతున్నాయి. 2011 నుంచి మనబోటివాళ్లు కూడా టికెట్టు కొనుక్కుని లోపల తిరగొచ్చు. ‘బెన్‌హర్’ రథాల పోటీ తీసింది ఇక్కడే. దర్శకుడు ఫెల్లినీకైతే ఇక్కడి ఐదో నంబరు ఫ్లోరు సొంతిల్లే. 1993లో ఆయన పోయినప్పుడు భౌతికకాయాన్ని జనం చూడ్డానికి ఉంచింది కూడా ఆ ఫ్లోర్‌లోనే.

లోపలికి అడుగుపెట్టగానే పచ్చికలో సగం పూడుకుపోయినట్టున్న పెద్ద ఆడతల కనిపిస్తుంది. ఫెల్లినీ ‘కాసనోవా’ (1976) కోసం చేసింది. కళ్లు తెరుచుకుని మనవైపే చూస్తుంటుంది. చాలామంది దాని పక్కన ఫొటో దిగి ముందుకు సాగిపోతారు. నేనూ అంతే. నా మనసు వెనకవైపున్న సెట్టు మీదే ఉంది.

‘రోమ్’ అనే టీవీ సీరియల్ (2005–07) కోసం సుమారు అయిదెకరాల్లో వేసిన సెట్టది. ఆర్ట్ డైరెక్టర్ జోసెఫ్ బెన్నెట్. గుడులు, గుడి మెట్లు, సందులు, అంగళ్లు. సందు మలుపు తిరిగి ఒక స్తంభాన్ని వేలితో తట్టాను. డబ్‌మని బోలు చప్పుడు! ముందు మట్టితో రూపం చేసి, దానిమీద అచ్చు తీసి, ఆ అచ్చులో గాజుపీచు పరిచి రెజిన్ పూసి ఎండబెడతారు. బయటికొచ్చేది తేలికైన పెంకు మాత్రమే. గుడి వెనక్కి వెళ్తే గుట్టంతా బయటపడుతుంది: ఇనుప గొట్టాల పరంజా, బోల్టులు, చెక్క దన్నులు. అది చూసొచ్చాక కూడా, మళ్లీ ముందువైపు నిలబడగానే కళ్లు నమ్మేస్తాయి.

ఎందుకు నమ్ముతాయో తెలుసుకోవాలని ఒక గోడ దగ్గర చాలాసేపు నిలబడ్డాను. రోమ్ అనగానే మనకు తెల్లని పాలరాయి గుర్తొస్తుంది. ఈ సెట్టు వేసినవాళ్లు ఆ తెలుపు జోలికి పోలేదు. ఆనాటి రోమ్‌లో గుళ్లకీ విగ్రహాలకీ రంగులుండేవి, గోడల మీద జనం గీసిన పిచ్చిరాతలుండేవి. అందుకే ఈ గోడ కింది సగం ముదురెరుపు. మనుషుల భుజాలు రాసుకునే ఎత్తులో ఆ రంగు కాస్త వెలిసింది. నేలకు జానెడు ఎత్తు వరకు వాన చిందిన బురద మరక. పగులు గీసిన చోట ఒక అంచు లోతుగా, రెండో అంచు పలచగా ఉంది. పెచ్చూడిన గోడను రోజూ చూసే మనిషి చెయ్యి అది. కొత్త గోడ కట్టడానికి తాపీమేస్త్రి చాలు. ఎన్నో ఏళ్లు జనం ఆనుకుని నిలబడ్డ గోడ కావాలంటే మాత్రం ఇలాంటి రంగులవాళ్లే రావాలి.

మన ‘మాయాబజార్’కు గోఖలే, కళాధర్ వేయించిన సెట్లు గుర్తొచ్చాయి. వడపళనిలో ఆ సెట్లు వేసిన వాహినీ ఫ్లోర్లున్న చోట ఇప్పుడు ఆస్పత్రి, మాల్ ఉన్నాయి. ఆ స్తంభాలను తట్టి చూసే భాగ్యం మనకు లేకుండాపోయింది. ఒక్కటైనా దాచుకుని ఉంటే ఎంత బాగుండేది!

ఈ సెట్టుకూ గండాలు తప్పలేదు. 2007 ఆగస్టులో స్టూడియోలో అగ్నిప్రమాదం జరిగి కొంత భాగం కాలిపోయింది. ఆ తర్వాత కొద్ది వారాలకే ‘డాక్టర్ హూ’ టీవీ సీరియల్ బృందం వచ్చి, మిగిలిన వీధుల్నే పాంపేయి నగరంగా చూపించింది.

షూటింగు ముగిసి ఇన్నేళ్లయింది. ఎండావానా ఈ గోడల మీద తమ పని తాము చేసుకుపోతున్నాయి. గుడి చూరు కింద నల్లగా కారిన చార ఒకటుంది. రంగులవాళ్లు దించిందా, వాన దించిందా అని దగ్గరికెళ్లి చూశాను. గోటితో గీరాను కూడా. తేల్చుకోలేకపోయాను.