మంచుపూలూ అడవి ఏనుగులూ

మన భాషలో ‘ఔత్సాహిక’ అన్న మాటకి కొంచెం అన్యాయం జరిగింది. నాటకాలవాళ్ల పుణ్యమా అని అది ‘సరిగ్గా రాకపోయినా మన్నించదగ్గ’ అనే అర్థంలో స్థిరపడిపోయింది. ఔత్సాహిక నాటక సమాజమంటే, తెర మధ్యలో ఇరుక్కుపోయినా ప్రేక్షకులు చప్పట్లు కొట్టాలి. ఔత్సాహిక ఫొటోగ్రాఫరన్నా అంతే. ఆయన ఆల్బం తెరుస్తాడు. కొంగ మసగ్గా వుంటుంది. “ఏదో సరదాకి తీస్తుంటారు లెండి” అని ఇంటావిడ సర్దిచెబుతుంది. మనం కాఫీ తాగుతూ “బ్రహ్మాండంగా వుందండీ” అంటాం. విమర్శ అనేది ఆ కాఫీలో పంచదారలా కరిగిపోతుంది.

ఈ మర్యాదవల్ల నష్టం ఆ ఫొటోగ్రాఫరుకే. సరదాకి తీసినవాడి పనిని కూడా, కవి పద్యాన్ని చూసినట్టు, తప్పూ ఒప్పూ ఎంచి చూస్తే ఎలా వుంటుందో ప్రయత్నిద్దాం. అందుకు ఇద్దరిని ఎంచుకుంటున్నాను. ఒకాయన అమెరికా రైతు. రెండో ఆయన మన పొరుగున, మద్రాసులో కాపురమున్న పెద్దమనిషి. ఇద్దరూ బజార్లో దొరికిన కెమేరాతో సరిపెట్టుకోక, తమ పనికి తగ్గట్టు తామే అమర్చుకున్నవాళ్లు.

రైతుపేరు విల్సన్ బెంట్లీ. 1865లో వెర్మాంట్ రాష్ట్రంలో, జెరికో అనే పల్లెలో పుట్టాడు. తల్లి వెనక బడిపంతులమ్మగా పనిచేసింది. పిల్లవాడికి చదువు చాలావరకు ఇంట్లో ఆవిడే చెప్పింది. పదిహేనో ఏట, ఆవిడిచ్చిన మైక్రోస్కోపు కింద మంచురేకు పెట్టి చూశాడు. మన వూళ్లలో మంచంటే పుష్యమాసంలో గడ్డిమీద తడి. లేకపోతే తెల్లారగట్ల బస్సు డ్రైవరు కళ్లకడ్డం పడే పొగ. అక్కడ మంచంటే ఆకాశంనుంచి రాలే ఆరు రేకుల పువ్వు. ఆ పువ్వుని కాగితం మీద గీద్దామని కుర్రవాడు కూర్చుంటే, బొమ్మ సగం అయ్యేసరికి పువ్వు నీరైపోయేది. అలా కావలసొచ్చింది కెమేరా.

ఈ వరస గమనించదగ్గది. కెమేరా కొనుక్కుని, ఇక దీంతో దేన్ని తీద్దామా అని అతను బయల్దేరలేదు. తీయవలసింది ముందొచ్చింది, కెమేరా తరవాతొచ్చింది. మనలో చాలామందికి ఇది తిరగబడి జరుగుతుంది.

తండ్రికి ఈ వ్యవహారమంతా పనికిమాలినదిగా తోచిందట. అయినా కెమేరా కొనిచ్చాడు. దాన్ని మైక్రోస్కోపుకి తగిలించి, ప్లేటు తరవాత ప్లేటు పాడుచేసుకుని, 1885 జనవరి 15న మొదటి మంచురేకుని పట్టుకున్నాడు బెంట్లీ. అప్పటికి ఇరవై నిండలేదు. పని చేసే చోట నిప్పు వుండకూడదు. నల్లటి పలకమీద రేకుల్ని పట్టాలి. నచ్చినదాన్ని సన్నటి పుల్లతో గాజు మీదికి చేర్చాలి. పక్షి ఈకతో మెల్లగా అదమాలి. ఇదంతా వూపిరి బిగబట్టి చెయ్యాలి. వూపిరి తగిలిందా, పువ్వు లేదు. లెన్సు కన్నం చిన్నది చేస్తే అంచులు స్పష్టంగా వస్తాయనీ, అయితే వెలుగు తగ్గిపోతుంది గనక ఎక్కువసేపు తెరిచి వుంచాలనీ చేసి చూసి తెలుసుకున్నాడు. ఇవాళ ఏ ఫొటోగ్రఫీ పుస్తకం తీసినా మొదటి అధ్యాయంలో వుండే పాఠమే ఇది. దాన్ని అతను చలిలో, చేతులు కొంకర్లు పోతుండగా నేర్చుకున్నాడు. అందుకే మరిచిపోలేదు.

మొత్తం 5,000కి పైగా తీశాడు. 1931లో వచ్చిన ‘స్నో క్రిస్టల్స్’ అనే పుస్తకంలో 2,400కి పైగా బొమ్మలున్నాయి. ఆ ఏడాది డిసెంబరు 23నే పోయాడు. ఏ రెండు మంచురేకులూ ఒక్కలా వుండవని లోకం ఇవాళ సామెతలా అనుకుంటోందంటే, దాని వెనక ఈ రైతు వున్నాడు.

సరే, పొగడ్త అయింది. ఇప్పుడు బొమ్మల్ని చూద్దాం. నల్లని నేపథ్యంలో తెల్లగా, నగల కొట్లో మఖమల్ గుడ్డమీద పెట్టిన లోలాకుల్లా వుంటాయి. ఒకటి చూస్తే ఆశ్చర్యం. పది చూస్తే ఆనందం. వంద చూశాక మనసులో ఓ చిన్న అనుమానం మొదలవుతుంది: ఆకాశం ఇంత నిక్కచ్చి మనిషా? వంకరలూ విరుగుళ్లూ ఏమైపోయాయి?

ఈ అనుమానం ఆ రోజుల్లోనే జర్మనీవాళ్లకి వచ్చింది. హెల్మన్ అనే వాతావరణ శాస్త్రజ్ఞుడు 1893లో వేసిన పుస్తకంలో న్యూహాస్ తీసిన మంచురేకుల ఫొటోలున్నాయి. వాటిలో అంత సౌష్ఠవం లేదు. తరవాత బెంట్లీ ఫొటోలు బయటికొచ్చేసరికి అటునుంచి అభియోగం వచ్చింది: ఇతను నెగటివులు గీకుతున్నాడు అని. గీకిన మాట నిజమే. నెగటివుకి నకలు తీసి, పువ్వు చుట్టూ వున్న పూతని చాకుతో జాగ్రత్తగా తీసేసేవాడు. అలా చేస్తే అచ్చులో నేపథ్యం నల్లగా వచ్చి, పువ్వు వెలుగుతుంది.

నా మట్టుకు నాకు ఆ గీకుడు పెద్ద నేరంగా తోచదు. అసలు నెగటివుని అతను పాడుచెయ్యలేదు. చెయ్యి పెట్టింది నకలు మీద, అదీ నేపథ్యం మీద. అసలు చిక్కు చాకులో లేదు, పుల్లలో వుంది. పలకమీద పడ్డ రేకుల్లో నచ్చినదాన్ని పుల్లతో ఏరడమన్నానే, అక్కడుంది. నిజానికి మేఘంలోంచి రాలేవాటిలో అందమైనవి తక్కువ. అవకరాలున్నవీ, ముక్కలైనవీ, ఒకదానికొకటి అంటుకుపోయినవీ ఎక్కువ. ఏరినవి మాత్రమే చూపించి ‘ఇదీ మంచు’ అంటే, పెళ్లిపందిట్లో పట్టుచీరల్ని చూపించి ‘ఇదీ మా వూరు’ అన్నట్టుంటుంది. అబద్ధం కాదు. కానీ అది వూరు కాదు, ముస్తాబు.

ఈ లోటు పూడ్చడానికి జపానులో మరో మనిషి పూనుకోవలసి వచ్చింది. ఉకిచిరో నకయా అనే ఆయన, హొక్కయిదోలో వంకర రేకుల్ని సైతం వదలకుండా ఫొటోలు తీసి, రకాలుగా విభజించి, 1936లో ప్రయోగశాలలో కుందేలు వెంట్రుక మీద మంచుపువ్వుని పూయించాడు. ఎంత చలికి, ఎంత తేమకి ఏ ఆకారం వస్తుందో లెక్క కట్టాడు. బెంట్లీ బొమ్మ చూసి మనం ‘ఎంత బావుంది!’ అంటాం. నకయా బొమ్మ చూసి ‘ఎందుకిలా వుంది?’ అంటాం. మొదటి ఆశ్చర్యం లేకపోతే రెండో ప్రశ్న పుట్టదు. అలాగని మొదటిదాని దగ్గరే కూర్చుండిపోతే చదువు ముందుకి సాగదు. అందానికి మార్కులు వెయ్యండి. ఏరివెయ్యడానికి కొన్ని తగ్గించండి. బెంట్లీ విషయంలో నా తీర్పు అది.

ఇక మద్రాసు పెద్దమనిషి ఎం. కృష్ణన్. 1912లో పుట్టి 1996లో పోయారు. తండ్రి మాధవయ్య తమిళంలో పేరున్న నవలాకారుడు. కృష్ణన్ కలకత్తా ‘స్టేట్స్‌మన్’ పత్రికలో 1950 నుంచి చివరిదాకా ప్రకృతిమీద శీర్షిక నడిపారు. రాతా బొమ్మా ఆయనకి బతుకుతెరువు. కాబట్టి ఆయన్ని సరదాకి తీసినవాడనడం కుదరదు. కానీ పద్ధతి మాత్రం అచ్చం ఔత్సాహికుడిదే. ఒక కెమేరా ఒళ్లు, మరో కెమేరా లెన్సు, ఇంకో దాని సామాను కలిపి సొంతంగా ఒక యంత్రం కూర్చుకుని, దానికి ‘సూపర్ పాండరోసా’ అని పేరు పెట్టారు. పేరులోనే ఆ కెమేరా బరువు వినబడుతోంది. దాన్ని మోసుకుని, ముదుమలై అడవుల్లో పెంపుడు ఏనుగు మీదెక్కి, అడవి ఏనుగుల్ని తీసేవారు.

బెంట్లీకి పూర్తిగా వ్యతిరేకం కృష్ణన్ బొమ్మ. అందులో జంతువు ఒంటరిగా వుండదు. చుట్టూ వెదురుంటుంది, గడ్డి వుంటుంది, చెట్లనీడ మచ్చలు మచ్చలుగా పడుతుంది. ఏనుగు చెవి సగం కొమ్మచాటున వుంటుంది. క్యాలెండరు వేసేవాళ్లు ఇలాంటి బొమ్మ తీసుకోరు. కానీ ఏనుగు అక్కడెందుకుందో, ఏం తింటోందో, పక్కనున్న గున్నకీ దానికీ సంబంధమేమిటో ఆ బొమ్మ చెబుతుంది. ఆయన వృక్షశాస్త్రం చదివిన మనిషి. చెట్టుని నేపథ్యం కింద జమకట్టడం ఆయనవల్ల కాదు.

ఆయనలోనూ లోటు లేకపోలేదు. జీవితాంతం నలుపు తెలుపుల్ని పట్టుకునే వున్నారు. ఏనుగుకి అది నప్పుతుంది. ఏనుగు పుట్టుకే నలుపు తెలుపు. మరి పాలపిట్ట మాటేమిటి? దసరానాడు మనవాళ్లు పనిగట్టుకుని వూరిబయటికి వెళ్లి చూసేది ఆ రెక్క విప్పినప్పటి నీలం కోసం. ఆ నీలం తీసేస్తే మిగిలేది తీగమీద కూచున్న ఓ బూడిదరంగు పిట్ట. నియమం గొప్పదే; కానీ నియమంకోసం పాలపిట్టని నష్టపోవాలా అన్నది న్యాయమైన ప్రశ్నే.

ఇప్పుడు మన ఆదివారం ఫొటోగ్రాఫరు దగ్గరికొద్దాం. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువుకి వెళతాడు. ఇంకాస్త ఓపికుంటే తిరుపతి జిల్లాలో నేలపట్టుకి, గూడబాతుల్ని చూడ్డానికి. వెనకటి రోజుల్లో రీలుకి 12 బొమ్మలో, 36 బొమ్మలో వచ్చేవి. కడిగించేదాకా ఏం వచ్చిందో తెలిసేది కాదు. ఇప్పుడు పూటకి వెయ్యి తీసినా అడిగేవాడు లేడు, ఏం వచ్చిందో ఆ నిమిషానే కనబడుతుంది. నేర్చుకునేవాడికి ఇది వరం. కాదనడం చాదస్తం.

ఉదాహరణకి తెల్లకొంగనే తీసుకోండి. కెమేరాకి తెలుపు నలుపు తెలియవు. ఎదురుగా ఏమున్నా దాన్ని సగటు బూడిదరంగుగా లెక్కేసుకుని వెలుగు నిర్ణయిస్తుంది. కొంగ చట్రమంతా నిండితే, దాని తెలుపు మాసిన పంచెలా వస్తుంది. అప్పుడు వెలుగు పెంచాలి. అదే కొంగ నల్లటి పొదముందు చిన్నగా వుంటే, యంత్రం పొదని చూసి వెలుగు ఎక్కువిచ్చేస్తుంది, కొంగ సున్నపుముద్దలా తేలుతుంది; అప్పుడు తగ్గించాలి. ఒక్క కొంగకి రెండు విరుగుళ్లు! ఈ సంగతి పుస్తకంలో చదివితే పరీక్షదాకా గుర్తుంటుంది. గట్టున నిలబడి పది రకాలుగా తీసి చూస్తే కలకాలం గుర్తుంటుంది.

అయితే వచ్చిన బొమ్మల సంగతేమిటి? ఎవరి ఆల్బం చూసినా పిట్ట ఓ ఎండుపుల్ల మీద కూచుంటుంది. వెనక అంతా పచ్చగా కరిగిపోయి వుంటుంది. కంట్లో చిన్న మెరుపు. పెళ్లిచూపులకి పంపే ఫొటోలా, లోపం ఎంచడానికి వీల్లేదు, జ్ఞాపకం వుంచుకోడానికీ ఏమీ లేదు. చెరువేది? చెట్టేది? పక్కనే వున్న వూరేది? ఉప్పలపాడులో అసలు విశేషమే ఇళ్లకి అంత దగ్గర్లో ఆ పక్షులు కాపురాలు పెట్టడం. ఆ ఇళ్లు ఫొటోలో పడకుండా జాగ్రత్తపడతారు మనవాళ్లు. బెంట్లీ చాకుతో చేసిన పనిని వీళ్లు లెన్సుతో చేస్తున్నారు. పైగా అతనికున్న ఓపిక లేకుండా.

ఇంతవరకూ రుచికి సంబంధించిన గొడవ. ఇక చెప్పబోయేది అంతకంటె పెద్దది. గూటి ఫొటో అని ఒకటుంది. తల్లి నోరు, పిల్లల నోళ్లు, మధ్యలో పురుగు. దాన్ని చూసి ముచ్చటపడనివారుండరు. కానీ ఆకులు దట్టంగా వున్నచోట పిట్ట గూడు కట్టుకున్నది మన కెమేరాకి కనబడకూడదనే. స్పష్టంగా కనబడుతోందంటే, కొన్నిసార్లు ఎవరో ఆకులు తుంచారన్నమాట, కొమ్మ వంచారన్నమాట. తరవాత నీడపోయి పిల్లలకి ఎండ తగులుతుంది. మనకి కనబడ్డ గూడు కాకికీ కనబడుతుంది. ఆల్బంలో ముచ్చటైన సంసారం మిగులుతుంది. చెట్టుమీద సంసారం మిగలకపోవచ్చు. అందుకే ఇప్పుడు గూటి ఫొటోలని తీసుకోని పోటీలున్నాయి. అది సౌందర్య నిర్ణయం కూడానని నా వాదన. చూడబడిన వస్తువుని చెరిపేసే చూపు మంచి చూపు ఎలా అవుతుంది?

ఇంగ్లండులో కేర్టన్ సోదరులని వుండేవారు. పక్షుల దగ్గరికి వెళ్లడానికి చచ్చిన ఎద్దు తోలుతో బోలు బొమ్మ చేయించి, అందులో దూరి గంటల తరబడి నిలబడేవారు. ఒకసారి లోపలున్నాయన ఎద్దుతో సహా తలకిందులై పడ్డాడట. నవ్వుకోండి, తప్పులేదు. కానీ ఆలోచించండి: ఫొటోకోసం వాళ్లు మార్చుకున్నది తమ ఆకారాన్ని. మనిషి ఎద్దయ్యాడు, పిట్ట పిట్టలాగే వుంది.

కాబట్టి ఈసారి ఎవరైనా నేలపట్టునుంచి వచ్చి, సోఫాలో మీ పక్కన కూచుని బొమ్మలు చూపిస్తే, “బ్రహ్మాండం” అనే ముందు రెండు అడగండి. ఈ పిట్ట ఎక్కడ కూచుంది, అప్పుడేం చేస్తోంది అని ఒకటి. ఏరి పక్కన పెట్టేసినవి కూడా చూపించమని రెండోది. ఆ పారేసినవాటిలో కొమ్మ అడ్డొచ్చినవీ, చెరువు పడిందీ, ఎవరింటి మిద్దెమీదో ఆరేసిన చీరపక్కనుంచి ఎగురుతున్న గూడబాతూ వుండొచ్చు. అది దొరికితే దాన్ని అచ్చు వేయించమనండి. కాఫీ చల్లారినా ఫరవాలేదు.