జేబులో తెల్ల కార్డు

చిత్రకారుడు నందలాల్ బోస్ జేబులో పోస్టుకార్డంత తెల్ల కార్డులు ఎప్పుడూ ఉండేవి. శాంతినికేతన్ ఎర్రమట్టి దారుల్లో నడుస్తూ ఏ మేకనో, ఏ సంతాల్ స్త్రీనో, గాలికి ఒరిగిన తాడినో చూసి ఆగిపోయేవారు. అక్కడికక్కడే నాలుగు గీతల్లో బొమ్మ అయిపోయేది. అలాంటి కార్డులెన్నో ఉత్తరాలై శిష్యులకూ స్నేహితులకూ చేరాయి. ఢిల్లీలోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్‌లో ఆయన చిత్రాలు, స్కెచ్‌లు కలిపి దాదాపు 7,000 ఉన్నాయి. అంత పని ఒక జీవితంలో ఎలా సాధ్యమంటే, జవాబు ఆ కార్డుల్లోనే ఉంది.

బొమ్మలు నేర్చుకునే పిల్లల్లో చాలామంది స్కెచింగ్‌కు తీరిక కావాలంటారు. మంచి పుస్తకం కొనుక్కున్నాక మొదలుపెడతామంటారు. ఆ మంచి పుస్తకం వచ్చాక, మొదటి పేజీ పాడవుతుందన్న భయంతో దాన్ని తెరవరు. కార్డుకు ఆ భయం లేదు. పాడైతే ఇంకోటి తీసుకోవచ్చు.

శాంతినికేతన్‌లో 1919లో మొదలైన చిత్రకళా పాఠశాల కళాభవన్‌ను నందలాల్ 1951 దాకా నడిపించారు. అప్పటి ప్రభుత్వ చిత్రకళా పాఠశాలల్లో విద్యార్థులు గదిలో కూర్చుని ప్లాస్టర్ విగ్రహాలు చూసి గంటలకొద్దీ షేడింగ్ చేసేవారు. కళాభవన్ తరగతి గది మాత్రం చాలావరకు ఆరుబయటే ఉండేది. వాన కోతకు గుంటలు పడ్డ ఖోవాయ్ నేలలు, కోపాయ్ నది, సంతాల్ పల్లెలు, సంతలే పాఠాలు. అలాగని సంప్రదాయాన్ని వదిలేశారనుకోవద్దు. నందలాల్ స్వయంగా అజంతా గుహల్లో కూర్చుని కుడ్యచిత్రాలకు నకళ్లు తీసినవారు. జపాన్ కళావేత్త ఒకకురా అగ్గిపుల్లలు మూడు త్రికోణంగా పేర్చి ప్రకృతి, సంప్రదాయం, సొంత ఊహ అని ఆయనకు చూపించారు. ఆ మూడింటిలో ఏ ఒక్కటి తగ్గినా కళ నిలవదన్నది ఆ పాఠం. రోజువారీ స్కెచ్ ప్రకృతి అనే పుల్లను నిలబెడుతుంది.

ఆయన నేర్పిన తీరులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది చెట్టు పాఠం. కళాభవన్‌లో చదివిన సినిమా దర్శకుడు సత్యజిత్ రాయ్ దాన్ని తర్వాత గుర్తు చేసుకున్నారు. చెట్టును కొమ్మల నుంచి కిందికి గీయకూడదు, మొదలు నుంచి పైకి గీయాలి, ఎందుకంటే చెట్టు పెరిగేది అలాగే. ఇది చేతికి చెప్పిన చిట్కాలా కనిపిస్తుంది కానీ నిజానికి కంటికి చెప్పిన మాట. గీత మొదలు దగ్గర బయల్దేరితే బరువు ఎక్కడుందో తెలుస్తుంది, కొమ్మ ఎక్కడ కాండాన్ని వదిలి పక్కకు తిరిగిందో పట్టుబడుతుంది. ఆకులు ఆఖర్న వస్తాయి, రాకపోయినా ఫర్వాలేదు. జంతువుకూ మనిషికీ అంతే. ముందు కదలికను పట్టుకోవాలి. మెడ నుంచి తోక దాకా వెన్ను ఎటు వంగిందో ఒక్క గీతలో పెట్టాక, కాళ్లు వాటంతటవే చోటు వెతుక్కుంటాయి. కన్నుతో, కొమ్ముతో మొదలుపెడితే మేక కదిలిపోతుంది, బొమ్మ సగంలో ఆగిపోతుంది.

ఇంకో పద్ధతి జ్ఞాపకం నుంచి గీయడం. రెండు నిమిషాలు చూడండి, గీయకండి. పక్కకు తిరిగి గీయండి. మళ్లీ వెళ్లి చూసుకుంటే, మనం ఏం చూడలేదో కార్డే చెబుతుంది. పాటగాడి సరళీ స్వరాల్లాంటిదే ఈ సాధన, కచేరీలో ఎవరికీ వినిపించదు.

1938లో గాంధీజీ కోరిక మీద హరిపుర కాంగ్రెస్ సభలకు నందలాల్ వేసిన బొమ్మల్లో డోలు వాయించేవాడు, వడ్రంగి, దంచేవాళ్లు కొద్దిపాటి గీతల్లోనే ఊపిరి పోసుకుని కనిపిస్తారు. ఏళ్ల తరబడి కార్డుల మీద తిరిగిన చేతికే ఆ తెగువ వస్తుందని నా నమ్మకం. ఆయన శిష్యుడు వినోద్ బిహారీ ముఖర్జీకి పుట్టుకతోనే చూపు మందం, నడివయసులో పూర్తిగా పోయింది. అయినా ఆయన బొమ్మలు గీస్తూనే ఉన్నారు. రాయ్ సంగతికొస్తే, ‘పథేర్ పాంచాలి’కి మామూలు స్క్రిప్టు రాసుకోకుండా దృశ్యాలను బొమ్మలుగా వేసుకుని సినిమా తీశారు. చిత్రకారుడు కావాలని లేనివాళ్లు కూడా స్కెచ్ చేయాలని నేను పట్టుబట్టడానికి ఆయన ఒక కారణం.

మన తెలుగునాటా ఈ దారి ఉంది. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర చేయూతతో బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూలుకు వెళ్లిన చిత్రకారుడు దామెర్ల రామారావు 1925లో, 28 ఏళ్లు నిండకుండానే మశూచితో పోయారు. రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న గ్యాలరీకి వెళ్లినవాళ్లు రంగుల చిత్రాల ముందే ఆగిపోకుండా పెన్సిల్ స్కెచ్‌ల కోసం అడగండి. ఇక కొండపల్లి శేషగిరిరావు శాంతినికేతన్‌లో నందలాల్ దగ్గరే నేర్చుకుని వచ్చి, హైదరాబాద్‌లో తరాల విద్యార్థులకు పాఠం చెప్పారు.

మొదలుపెట్టాలనుకునే విద్యార్థికి పది కార్డులు, ఒక బాల్‌పెన్ను చాలు. పెన్ను ఎందుకంటే రబ్బరుతో చెరిపే వీలుండదు. తప్పు గీత పక్కనే ఒప్పు గీత పడితే రెండూ ఉండనివ్వండి. బస్టాండులో, టీకొట్టు దగ్గర, హాస్టల్ మెస్ క్యూలో రోజుకు పది నిమిషాలు గీయండి. ఎవరూ దొరక్కపోతే మీ ఎడమ చెయ్యి ఉంది. మూలన తేదీ వేయండి, చించకండి, ఫోన్లో పెట్టి లైకుల కోసం చూడకండి. డ్రాయింగు మాస్టర్లకూ ఒక విన్నపం: ఈ కార్డులకు మార్కులు వేయకండి. ఎవరి దగ్గర ఎన్ని చేరాయో చూడండి, రేపు ఎక్కడికి వెళ్లి గీస్తావని అడగండి, వీలైతే మీరూ ఒక కార్డు పట్టుకుని పక్కన కూర్చోండి.