చార్లీ బ్రౌన్ తెచ్చిన చెట్టు

హాఫ్ ఇయర్లీ సెలవుల్లో మా పెద్దమ్మ కూతురు బెంగళూరు నుంచి హోసూరుకు వచ్చింది. తన ల్యాప్‌టాప్‌లో ‘ఎ చార్లీ బ్రౌన్ క్రిస్మస్’ అనే బొమ్మల సినిమా చూపించింది. ఇంగ్లీషు మాటలు నాకు సగమే అర్థమయ్యాయి. మిగతాది అక్క తెలుగులో చెప్పింది.

పేపరు రాగానే మనం ముందు కార్టూను చూస్తాం కదా! ఇదీ అలాంటి పేపరు బొమ్మల్లోంచి పుట్టిందే. అమెరికాలో చార్లెస్ షుల్జ్ 1950 నుంచి 2000 దాకా ‘పీనట్స్’ అనే బొమ్మల కథను పత్రికలకు గీశారు. దాన్ని బిల్ మెలెండెజ్ దర్శకత్వంలో అరగంట టీవీ కార్యక్రమంగా తీశారు. 1965 డిసెంబరు 9న అది మొదటిసారి ప్రసారమైంది.

కథ చిన్నదే. పండగ వచ్చినా చార్లీ బ్రౌన్‌కు సంతోషం లేదు. పిల్లల నాటకం నడిపించే పని అతనికి ఇస్తారు, కానీ ఎవరూ అతని మాట వినరు. మెరిసే అల్యూమినియం చెట్టు తెమ్మని పంపితే, ఆకులు రాలే చిన్న నిజం చెట్టు తెస్తాడు. అందరూ పగలబడి నవ్వుతారు.

నాకు బాగా నచ్చింది గొంతులు. పెద్దవాళ్లు చిన్నపిల్లల్లా నటించలేదు, నిజం పిల్లలే మాట్లాడారు. ఇంకా చదవడం రాని పాపకు ముక్క ముక్కగా చెప్పి పలికించారట. అందుకే మాటలు అక్కడక్కడా తడబడతాయి. ఆ తడబాటే అందం. వెనక నవ్వుల శబ్దం పెట్టడానికి కూడా షుల్జ్ ఒప్పుకోలేదు. ఎక్కడ నవ్వాలో మనకే వదిలేశారు.

చివర మాత్రం నాకు నచ్చలేదు. నవ్విన పిల్లలే వచ్చి ఆ చెట్టుకు అలంకారాలు తగిలిస్తారు. చెట్టు నిండుగా, అందంగా అయిపోతుంది. అప్పుడు మెచ్చుకోవడంలో గొప్పేముంది? ఉన్నది ఉన్నట్టుగా మెచ్చుకోలేదు కదా!

ఈ మాట అనగానే నాకే సిగ్గేసింది. పోయిన ఏడాది కృష్ణగిరిలో పోటీకి మేము నాటకం నేర్చుకుంటా ఉన్నాము. డెంకణికోట పక్క పల్లె నుంచి వచ్చే ఒక పిల్లవాడు “నేను సంతకు పోతా ఉండా” అన్నాడు. అందరికంటే ముందు నవ్వింది నేనే. “వెళ్తున్నాను అను, అప్పుడే చేర్చుకుంటాము” అని కూడా చెప్పినాను. వాడు మరుసటి రోజు నుంచి రాలేదు. నిజానికి మా అవ్వ ఇంట్లో మాట్లాడేది కూడా ఆ తెలుగే.

అదంతా విని అక్క ఆ చివరి భాగం మళ్లీ పెట్టింది. “సరిగ్గా చూడు” అంది. లైనస్ అనే పిల్లవాడు ఎప్పుడూ ఒక దుప్పటి పట్టుకొనే తిరుగుతాడు. ఈ చెట్టు అంత చెడ్డదేమీ కాదని, కాస్త ప్రేమ చూపిస్తే చాలని చెప్పి, ఆ దుప్పటినే చెట్టు మొదలుకు చుట్టాడు. అలంకారాలు ఆ తర్వాతే వచ్చాయి. నేను మొదటిసారి ఇది గమనించనే లేదు.

ముగింపు మీద నా ఫిర్యాదు సగం తగ్గింది. సగం ఇంకా ఉంది: ఆ పిల్లల్లో ఒక్కరూ చార్లీ బ్రౌన్‌ను క్షమించమని అడగరు.

నేను కూడా ఇంకా అడగలేదు. ఈసారి వార్షికోత్సవం నాటకానికి పేర్లు రాసేలోపు అడగాలి.