కాళ్ళు నేర్పిన పియానో

న్యూయార్క్ పడమటి 62వ వీధిలో 1913 ప్రాంతంలో ఒక నేలమాళిగ ఉండేది. పేరు జంగిల్స్ కసీనో. బయటికి మాత్రం అది డాన్సు బడి. నల్లజాతివాళ్ళకు డాన్సు హాలు లైసెన్సు దొరకడం గగనమైన రోజులవి. రాత్రయ్యేసరికి దక్షిణ కెరొలినా, జార్జియా తీరాల నుంచి వలస వచ్చిన ఓడరేవు కూలీలు అక్కడ చేరేవారు. కుదురుగా కూర్చుని వినే రకం కాదు వాళ్ళు. సొంత ఊళ్ళో ఆడిన గుంపు నాట్యాలే ఇక్కడా ఆడాలి, ఒళ్ళు అలిసేదాకా ఆడాలి. పియానో ముందున్న కుర్రాడికి ఇరవై దాటలేదు. పేరు జేమ్స్ పి. జాన్సన్. వాళ్ళ అడుగులకు సరిపోయేలా అతను అల్లిన వరసల్లోంచే ‘కెరొలినా షౌట్’ వచ్చింది. 1921లో రికార్డుకెక్కిన ఆ పియానో రచన జాజ్ పియానిస్టులకు పెద్దబాలశిక్ష.

ఆ రోజుల్లో చిల్లుల కాగితపు చుట్ట పెడితే తనంతట తానే మోగే పియానోలుండేవి. ‘కెరొలినా షౌట్’ చుట్ట మెల్లగా తిరుగుతుంటే, కిందికి దిగిన పియానో మెట్ల మీద వేళ్ళుంచి డ్యూక్ ఎలింగ్టన్ ఈ పాఠం నేర్చుకున్నాడు. ఫ్యాట్స్ వాలర్ దారీ అదే.

ఈ పద్ధతిని స్ట్రైడ్ అంటారు. పనంతా ఎడమ చేతిది. నాలుగు దెబ్బల లెక్కలో ఒకటికీ మూడుకీ మంద్రంలో బరువైన స్వరం వేస్తుంది. రెండుకీ నాలుగుకీ మధ్య స్థాయికి ఎగిరి, మూడు నాలుగు స్వరాలను ఒక్కసారే నొక్కుతుంది. వెంటనే మళ్ళీ కిందికి దూకుతుంది. మూరెడు దూరం, రెప్పపాటు వ్యవధి, చూసుకునే తీరికుండదు. ఈలోగా కుడి చెయ్యి తన మానాన తాను వరస పాడుకుంటూ పోవాలి. జాన్సన్ అంతటితో ఊరుకోడు. అక్కడక్కడా ఎడమ చేతి లెక్కను మూడు, మూడు, రెండుగా విరిచి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ సమం మీద దిగుతాడు. తాళం వేయడం అలవాటున్న తెలుగు చెవి ఆ విరుపును మొదటిసారి వినడంలోనే పట్టేస్తుంది. డ్రమ్మూ డోలూ ఏదీ లేదు, ఉన్నదొక్క మనిషి. ఆడేవాళ్ళకు మాత్రం పూర్తి మేళం వినిపించాలి.

ఇంత లెక్క ఎక్కడ నేర్చాడు? బళ్ళో కాదు. చిన్నప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళు రాత్రిళ్ళు రింగ్ షౌట్ ఆడుతుంటే మెట్ల మీద నుంచి చూసేవాడినని తానే చెప్పుకున్నాడు. బానిసత్వ కాలం నుంచి కెరొలినా, జార్జియా తీరాల్లో నిలిచిన ఆట అది. అందరూ వలయంగా నిలబడి, గడియారం ముల్లుకు ఎదురు దిశలో కదులుతారు. పాదం నేలను రాసుకుంటూ పోవాలి. కాళ్ళు అడ్డంగా పడితే అది నాట్యమైపోతుంది, నాట్యం చర్చికి పనికిరాదు. చీపురు కర్రతో చెక్క నేల మీద ఒకరు దరువేస్తారు. ఒకరు అందిస్తే మిగతావారు అందుకుంటారు.

కర్రా, నేలా, చప్పట్లూ, అందుకునే గొంతులూ. ఇన్నింటినీ రెండు చేతుల్లోకి దించడమే జాన్సన్ చేసిన పని.

అరకు, పాడేరు వైపు వాళ్ళకు ఈ వర్ణన పరాయిదిగా ఉండదు. తూర్పు కనుమల్లో బగత, వాల్మీకి, కొండదొర, కోటియా, పోర్జ, గదబ తెగలవాళ్ళు ఆడే థింసాకూ వలయమే ప్రాణం. చైత్రంలో ఇటుకల పండగకు, పెళ్ళిళ్ళకు ఊరంతా చేరి ఆడతారు. చేతులు వెనక నుంచి ఒకరి నడుమును ఒకరికి బిగిస్తాయి. అడుగు తప్పినవాళ్ళ సంగతి అప్పుడు కళ్ళతో చూడక్కర్లేదు, పక్కవాళ్ళ వీపుకే తెలుస్తుంది. గ్రామదేవత కొలువుగా ఆడే బోడ థింసాలో కుడి వరసలో మగవాళ్ళు, ఎడమ వరసలో ఆడవాళ్ళు నిలబడతారు. నెమలి ఈకల కట్ట పట్టుకున్నవాడు ముందు నడుస్తాడు. వెనక గొలుసంతా పాములా మెలికలు తిరిగి, ‘హరి’, ‘హుయ్’ అని అరుస్తూ మళ్ళీ వరసలోకి వస్తుంది. ఆకులు కోసే తీరుకు పోతర్ తోల, పులి మీద పడడానికి బాగ్ థింసా. ఒక్కోదానికి ఒక్కో నడక.

థింసా గురించి తెలుగులో వచ్చే రాతలు సాధారణంగా ఇక్కడే ఆగిపోతాయి. చీరకట్టు, అడుగులు, అందం. వాయించేవాళ్ళకు దక్కేది ఒక్క వాక్యం: మోరి, కిరిడి, తుడుం, డప్పు, జోడుకొమ్ములు. ఇది అన్యాయం. సన్నాయి కోవకు చెందిన మోరి చిన్న పలుకునే తిప్పి తిప్పి, ప్రతిసారీ కాస్త మెలి మార్చి వాయిస్తుంది. రెండు పుల్లలతో కొట్టే తుడుం కింద నేల పట్టుకుని ఉంటుంది. వలయం ఊపందుకుంటే దరువు బిగుస్తుంది, వలయం సడలితే వాళ్ళూ కాస్త వదులుతారు. అడుగులను చూస్తూ వాయించే ఈ విద్యే జంగిల్స్ కసీనోలో జాన్సన్ చూపిందీ.

రెండూ ఒకటేనంటే అబద్ధం. జాజ్ పియానిస్టుకు స్వరాలను దొంతరగా పేర్చే సౌకర్యముంది, పన్నెండు లేదా ముప్ఫై రెండు ఆవృత్తాల చట్రముంది. మోరికి అవేవీ లేవు, దాని దారి ఒంటి వరసది. చుట్టరికం సరంజామాలో వెతికితే దొరకదు. వలయం మొత్తం మేళానికి ఎలా యజమాని అవుతుందో చూస్తే దొరుకుతుంది.

1940ల్లో బీబాప్ అనే కొత్త శైలి వచ్చాక జాజ్ మెల్లగా కుర్చీల ముందుకు చేరింది. ఆడేవాళ్ళు పోయి వినేవాళ్ళు మిగిలారు. ఆ మార్పుకు మూలస్తంభాల్లో ఒకడైన థెలోనియస్ మంక్ పెరిగింది సరిగ్గా జాన్సన్ వాయించిన పేటలోనే, 63వ వీధిలో. అతని ఎడమ చేతిలో స్ట్రైడ్ నడక చివరిదాకా పోలేదు. ఒక్కోసారి ఆ నడక కుంటుతుంది, అదే అతని సొగసు. 1957లో ఫైవ్ స్పాట్ కేఫేలో జాన్ కోల్ట్రేన్ శాక్సఫోన్ వాయిస్తుంటే మంక్ పియానో వదిలేసి లేచి, ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతూ ఆడేవాడు. చాలామంది దాన్ని పిచ్చి చేష్ట అనుకున్నారు. రింగ్ షౌట్ తెలిసినవాళ్ళు అలా అనుకోలేదు. 1988లో వచ్చిన ‘స్ట్రెయిట్, నో చేజర్’ డాక్యుమెంటరీలో ఆ తిరుగుడు ఇప్పటికీ చూడొచ్చు.

అహ్మద్ జమాల్‌ది ఇంకో తోవ. 2023లో తొంభై రెండేళ్ళ వయసులో కన్నుమూసిన ఈ పియానిస్టు 1958 జనవరిలో షికాగోలోని పెర్షింగ్ హోటల్లో ‘పాయిన్సియానా’ను దాదాపు ఎనిమిది నిమిషాలు వాయించాడు. ఆ వాయింపుతో వచ్చిన ఆల్బమ్ రెండేళ్ళకు పైగా అమ్మకాల పట్టికలో నిలిచింది. వింటే ఆశ్చర్యం, అందులో పియానో చాలాసేపు ఏమీ చెయ్యదు. న్యూ ఆర్లీన్స్‌లో పుట్టిన డ్రమ్మర్ వెర్నెల్ ఫోర్నియే దరువును ముందుకు పోనిచ్చి, జమాల్ నాలుగు స్వరాలు విసిరి ఆగుతాడు. వేగంగా వాయించేవాళ్ళు జాజ్‌లో వందలమంది. ఇంత ధీమాగా ఊరుకోగలిగినవాళ్ళు అరుదు.

ఈ పియానోలు మన దేశానికీ వచ్చాయి. షికాగో పియానిస్టు టెడీ వెదర్‌ఫర్డ్ బొంబాయి తాజ్‌లో, తర్వాత కలకత్తా గ్రాండ్ హోటల్లో వాయించి, 1945లో కలరాతో కలకత్తాలోనే చనిపోయాడు. 1963లో ఎలింగ్టన్ బృందం వచ్చినప్పుడు ఢిల్లీలో అతని తోటి స్వరకర్త బిల్లీ స్ట్రేహార్న్ చెవిన పడిన గోరింక కూత వాళ్ళ ‘ఫార్ ఈస్ట్ సూట్’లో క్లారినెట్ వరసగా మారింది. కొండల మోరి దాకా మాత్రం వాళ్ళెవరూ రాలేదు. హోటల్ బాల్‌రూముల నుంచి అరకు దారిలోని అనంతగిరి ఘాట్ చాలా దూరం.

జాన్సన్ 1921 రికార్డు మూడు నిమిషాల్లోపే అయిపోతుంది. అప్పటి రికార్డు ఒక పక్కన పట్టేది అంతే. కసీనోలో ఆడేవాళ్ళు వదిలిపెట్టేదాకా సాగిన సంగీతం అలా ఒక ముక్కయింది. అరకులో ఇప్పుడు పర్యాటకుల కోసం వేసే థింసాకూ అదే కొలత: కొద్ది నిమిషాలు, ఫొటోలు, చప్పట్లు. వేదిక మీద వలయం విప్పుకుని ప్రేక్షకుల వైపు తిరుగుతుంది. ఆడేవాళ్ళ ముఖాలు జనానికి కనిపిస్తాయి, వాయించేవాళ్ళకు వాళ్ళ అడుగులు కనిపించవు. కొన్నిచోట్ల మేళం బదులు స్పీకరు. స్పీకరుకు దరువు బిగించడం రాదు.

కొత్తగా వినేవారు మొదట ‘కెరొలినా షౌట్’ పెట్టుకుని, కుడి చేతిని పూర్తిగా మరిచి ఎడమ చేతినే మూడు నాలుగుసార్లు వినాలి. తర్వాత మంక్ 1955లో చేసిన ఎలింగ్టన్ పాటల ఆల్బమ్, ఆపైన జమాల్. ఇక థింసా కోసం వెళ్ళదలిస్తే ఏప్రిల్‌లో, రిసార్టులు దాటి లోపలి ఊళ్ళకు, పండగ రోజున, వాళ్ళు రమ్మంటేనే వెళ్ళాలి. అక్కడ నిలబడాల్సింది మోరి వాయించే మనిషి పక్కన.